యాదయ్య పీకిన రాళ్ళు

“అంకుల్, ఆ మాట మీరు మీటింగ్‌లో చెప్తే మిమ్మల్ని అరెస్ట్ చేస్తారేమో. పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పినందుకు నన్ను కూడా ఏమైనా అంటారేమో. మా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. నాకు ఐదేళ్ళ పిల్ల ఉంది.”

ఇదంతా ఒక్క గుక్కలో అనేశాను. యాదయ్యగారు మా వంటింటి బల్ల దగ్గర కూర్చొని మా అదితికి కమలాపండు వలిచి పెడుతున్నారు. అది గింజల్లేని రకమని తెలిసినా ప్రతి తొననూ వెలుతురుకి పట్టి చూసి మరీ ఇస్తున్నారు.

“పిల్ల ఉన్నదని నాకెర్కనే బిడ్డా. నా ముంగటనే ఉన్నది గద,” అన్నారు.

ఆయన సూర్యాపేట డిపోలో కండక్టర్‌గా పని చేసి రిటైరయ్యారు. కూతురు ఉమ మా పక్కింట్లో ఉంటుంది. కిందటి అక్టోబరులో ఆర్నెల్లకని అమెరికాకి, మేముండే షాంటిలీ ఊరికి వచ్చారు. ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది చలికి భయపడి కిటికీ దగ్గర కూర్చుంటారు. ఈయన మాత్రం అల్లుడి పాత జాకెట్ తొడుక్కొని, పొద్దున్నే స్కూల్ బస్ ఆగే మూలకి వెళ్ళి నిలబడేవారు. రాలిన మేపుల్ ఆకుల్ని చించి పిల్లలకి తలా ఒకటి టికెట్టుగా ఇచ్చేవారు. ఆకు లేకుండా ఎవరైనా బస్సు ఎక్కబోతే “చెకింగ్ వస్తది, దిగు” అనేవారు. అమెరికన్ పిల్లలు కూడా ఆకు కోసం చేయి చాపడం మొదలుపెట్టారు. అదితి ఆయనకి ‘టికెట్ తాత’ అని పేరు పెట్టింది. నేను రోజూ పిల్లను బస్సెక్కించి, ఆయన మాటలు కాసేపు విని, లాబ్‌కి వెళ్ళేదాన్ని. నా పని మట్టిలోని సూక్ష్మజీవుల మీద. ఆయన దాన్ని ‘పురుగుల డాక్టరు’ ఉద్యోగంగా తేల్చేశారు.

మేము ఉండే కాలనీ పేరు హాలోవెల్ ఫార్మ్. గేటు దగ్గర బోర్డు మీద తెల్ల స్తంభాల ఇల్లొకటి చెక్కి ఉంటుంది. మా వీధి మిస్ షార్లట్ లేన్. ఆ షార్లట్ ఎవరో నేనెప్పుడూ అడగలేదు. స్కూలు రేటింగు, బేస్‌మెంట్‌లో తేమ, రాడాన్ వాయువు, ఇవి అడిగి ఇల్లు తీసుకున్నాం. కాలనీ వెనక కొంచెం అడవి ఉంది. ఓక్ చెట్లు, వాటి కింద ఎప్పుడూ పచ్చగా నేలంతా పరుచుకొని ఉండే ఒక తీగ. దాని నీలం పూలు మన బిళ్ళగన్నేరు పూలలాగే ఉంటాయి. వసంతంలో మా వాళ్ళు కొందరు పూజకి కోసుకొస్తారు.

కార్తీకంలో ఆ అడవిలోనే వనభోజనాలు పెట్టుకున్నాం. ఏర్పాట్లన్నీ శేషగిరిగారివి. కాలనీ అసోసియేషన్‌లో ఆటల కమిటీకి ఆయనే పెద్ద. నిప్పు పెట్టుకోవడానికి అనుమతి తీసుకొని, ప్రొపేన్ స్టవ్‌లు కూడా తెప్పించారు. యాదయ్యగారు వాటిని చూసి నవ్వారు.

“వనంలకొచ్చి గ్యాసు మీద వండుడేంది సారు? ఇంట్లనే తిని రావొద్దా?”

“పొయ్యి పెట్టడం ఇక్కడ ఎవరికొచ్చు, పెద్దాయనా?”

“నాకొచ్చు. మూడు రాళ్ళియ్యి.”

రాళ్ళకి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ పచ్చ తీగ మధ్య మోకాలెత్తు రాళ్ళు నిలబడి ఉన్నాయి. ఎవరో తన తోటపనికి తెచ్చుకున్న గడ్డపార ఇచ్చారు. డెబ్బై దాటిన మనిషి మెడకి తువ్వాలు చుట్టుకొని ఒక్కో రాయినీ కుదిపి పెకలిస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉమ ఫోన్‌లో వీడియో తీసింది. మూడు పొయ్యిలు పెట్టారు. వంకాయ కూర, పప్పుచారు, పాయసం. మధ్యలో ఒక రాయి వేడికి టప్పుమని పగిలింది. అందరం నవ్వుకున్నాం. కట్టెల పొయ్యి మీద కాగిన ఆ చారు రుచి గురించి వారం పాటు వాట్సాప్ గ్రూపులో మెసేజీలు నడిచాయి.

ఆ తర్వాతి ఆదివారం నేను, అదితి, యాదయ్యగారు అటువైపు నడుస్తుంటే పొయ్యిల దగ్గర ఒక నల్లజాతి పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో ఆకులు ఊడ్చే పళ్ళగొర్రు. మసిబారిన రాళ్ళ వైపు చూస్తోంది. కోపంగా లేదు. తాళం వేసి వెళ్ళిన ఇంటికి తిరిగొచ్చి, తలుపు బార్లా తెరిచి ఉండటం చూసిన మనిషిలా ఉంది.

ఆవిడ మిసెస్ గాస్కిన్స్. స్కూల్ బస్ డ్రైవర్‌గా చేసి రిటైరయింది. ఏడాదికోసారి చలి ముదరకముందు వచ్చి, తన పెద్దల సమాధుల మీద ఆకులు ఊడ్చి వెళుతుందట.

“ఎక్కడున్నాయి సమాధులు?” అని నేనే అడిగాను.

ఆవిడ పళ్ళగొర్రుతో నేల చూపించింది. మా కాళ్ళ కింద.

ఆవిడ చెప్పినదంతా యాదయ్యగారికి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఇది హాలోవెల్ కుటుంబం పొలం. ఆ పొలంలో పని చేసినవాళ్ళు వాళ్ళు కొనుక్కున్న బానిసలు. చనిపోతే ఇక్కడ పాతిపెట్టేవారు. గుర్తు పెట్టడానికి లేదు. ఆవిడ ముత్తాత తండ్రి పేరు ఎలైజా. దేశం ఉత్తరం దక్షిణంగా చీలి కొట్టుకున్న కాలంలో, ఉత్తరం సైన్యం ఈ దారిన పోతుంటే అతను రాత్రికి రాత్రి వాళ్ళ బళ్ళ వెంట వెళ్ళిపోయాడు. యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయ్యాక తిరిగొచ్చాడు. అప్పటికి తల్లి పోయింది. వాగులోంచి రాళ్ళు మోసుకొచ్చి, తల్లికీ తక్కిన వాళ్ళకీ తలాపున ఒక్కోటి పాతాడు. పేర్లు చెక్కలేదు. అతనికి చదువు రాదు, రానివ్వలేదు.

“స్వతంత్రుడయ్యాక అతను మొదట చేసిన పని ఇదేనని మా ఇంట్లో చెప్పుకుంటారు,” అంది ఆవిడ.

యాదయ్యగారు తలపాగాలా చుట్టుకున్న మఫ్లర్ తీసి చేత్తో పట్టుకున్నారు. నాతో అన్నారు, “నేనే పీకిన్నని చెప్పు బిడ్డా.”

నేను చెప్పలేదు. “మాకు తెలియక జరిగింది, క్షమించండి” అని మాత్రం అన్నాను. నా మాటల్లో ‘నేను’ లేదని ఆయన కనిపెట్టారు. తన గుండె మీద వేలు పెట్టుకొని ఇంగ్లీషులో “మీ. మీ,” అంటే నేనే నేనే అని, ఆవిడకి చూపించారు. ఆవిడ ఆయన చేతుల వైపు ఒకసారి చూసి తల ఊపింది. వెళ్ళేటప్పుడు ఆవిడ డ్రైవర్ అని తెలుసుకొని, తను కండక్టర్‌నని చెప్పమన్నారు. “అయితే మీరు లేకుండానే ఇన్నేళ్ళు బండి నడిపాను,” అంది ఆవిడ. ఆ రోజు మేము విన్న ఒకే ఒక నవ్వుమాట అది.

చిక్కు జనవరిలో వచ్చింది. ఆ అడవి ముక్కని చదును చేసి, పిల్లలకి ఆటస్థలం, క్రికెట్ నెట్లు కట్టాలని అసోసియేషన్ తీర్మానం పెట్టింది. మిసెస్ గాస్కిన్స్ సమాధుల సంగతి రాసి పంపింది. ఆధారం లేదని బోర్డు జవాబిచ్చింది. నిజమే, ఆధారం ఆ నిలువు రాళ్ళే. వాటిని ఉన్నచోట ఉంచి ఉంటే ఇక్కడి జిల్లా ఆఫీసు, కౌంటీ నుంచి ఎవరో వచ్చి చూసేవారు. ఇప్పుడక్కడ మిగిలినవి మూడు పొయ్యిలు, బూడిద.

ఉమ ఫోన్‌లోని వీడియో మిగిలింది. రాళ్ళు వరసలో నిలబడి ఉన్నట్టు, ఏది ఎక్కడినుంచి పెకలించారో అందులో స్పష్టంగా కనబడుతుంది. యాదయ్యగారి ముఖం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. సమాధుల్ని కదిలించడం ఇక్కడ నేరం.

శేషగిరిగారు గ్రూపులో అందరినీ వీడియో డిలీట్ చేయమన్నారు. కొందరు చేశారు. చేయకూడదని కొందరన్నారు. మాటా మాటా పెరిగి గ్రూపు రెండయింది. వీడియో ఉంచాలన్నవాళ్ళది హాలోవెల్ తెలుగు, తీసేయాలన్నవాళ్ళది హాలోవెల్ తెలుగు ఒరిజినల్. మా ఆయన కిరణ్‌కుమార్ రెండింటిలోనూ ఉండి, రెండింటిలోనూ గుడ్ మార్నింగ్ పెట్టేవాడు.

శేషగిరిగారు మంచివారే. ఉమ ఇంటికి వచ్చి సోఫాలో కూర్చొని నెమ్మదిగానే మాట్లాడారు. నేనూ అక్కడే ఉన్నాను.

“యాదయ్యగారూ, రేపు న్యూస్‌లో ఏమని వస్తుందో తెలుసా? ఇండియన్స్ సమాధులు తవ్వి వంటలు చేసుకున్నారని వస్తుంది. మీరు ఏప్రిల్లో ఫ్లైట్ ఎక్కేసి వెళ్ళిపోతారు. ఇక్కడ ఉండేది మేమండీ.”

“అవు సారు, నేను పోత. ఆ రాళ్ళ కిందోళ్ళు ఏడికి పోతరు?”

“ఎప్పుడో నూట యాభై ఏళ్ళ కిందటి గొడవ. మనం కొన్నామా వాళ్ళని, అమ్మామా?”

“మనం కొనలే, అమ్మలే. వాళ్ళ నెత్తి మీద చారు కాగబెట్టినం.”

శేషగిరిగారు ఉమ వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. నీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది కదా?”

ఉమ కళ్ళనిండా నీళ్ళు. “నాయినా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి ఊకో.”

“నువ్వు నా కాళ్ళు మొక్కకు. మొక్కిచ్చుకునెటోళ్ళను శానమందిని జూసిన,” అన్నారాయన. కూతురు అలా అనడమే ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువ గాయపరిచిందని నాకు అర్థమైంది. ఆమెతోనే, “వీడియో నీ ఫోన్ల ఉన్నది. నీకు తీసెయ్యబుద్ధయితే తీసెయ్. నా నోరు మాత్రం డిలీట్ కాదు,” అన్నారు.

మర్నాడు మా ఇంటికి వచ్చారు. పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పమని అడగడానికి. అప్పుడే నేను ఆ మొదటి మాటలన్నీ అన్నాను. ఆయన పండు వలవడం ముగించి, తొక్కలు ఒక చోట కుప్ప పెట్టి, “నువ్వు రాకున్నా పోత బిడ్డా. నాకొచ్చిన నాలుగు ముక్కలతోనే చెప్త. నువ్వొస్తే సక్కగ తెలుస్తది,” అన్నారు. వస్తాననక తప్పలేదు. పిల్లను నా స్నేహితురాలు చంద్రిక ఇంట్లో వదిలి వస్తానని అన్నాను. ఆయన అదితి వైపు ఒకసారి చూసి లేచారు.

సమావేశం క్లబ్‌హౌస్‌లో. ఎప్పుడూ పదిమంది కూడా రాని గదిలో ఆ సాయంత్రం కుర్చీలు చాలలేదు. తెలుగువాళ్ళు రెండు గ్రూపులుగా రెండు పక్కల కూర్చున్నారు. మిసెస్ గాస్కిన్స్ చివరి వరసలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఉమ వస్తుందో రాదో మాకు తెలియదు. వచ్చింది. ఎవరి ముఖం చూడకుండా ముందుకెళ్ళి, ప్రొజెక్టర్‌కి తన ఫోన్ తగిలించింది.

మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు. యాదయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, డ్యూటీలో ఉన్నట్టు నిటారుగా నిలబడ్డారు. ఆయన తెలుగులో ఒక మాట, నేను ఇంగ్లీషులో ఒక మాట.

“నా పేరు యాదయ్య. ఆ రాళ్ళు పీకింది నేను. ఎవరో పీకమంటే పీకలే. పొయ్యి పెట్టుడు నాకొచ్చని గొప్పకు పోయి పీకిన.”

అసోసియేషన్ అధ్యక్షుడు మర్యాదగల మనిషి. చెయ్యెత్తి ఆపాడు. “సర్, మీరు చెప్పేది రికార్డులోకి వెళుతుంది. ముందు లాయర్‌తో మాట్లాడుకోవడం మీకు మంచిదేమో.”

నేను అది తెలుగులో చెప్పాను.

“రికార్డుల పడాలెననే వచ్చిన. రాసుకోమను,” అన్నారు.

వీడియో వేశారు. గోడ మీద పెద్ద బొమ్మ. గడ్డపార, చప్పట్లు, పిల్లల కేకలు. ఆయన ఒక రాయిని రెండు చేతులా కుదుపుతూ కెమెరా వైపు తిరిగి తెలుగులో ఏదో అంటారు, చుట్టూ నవ్వులు. నేను దాన్ని దాటిపోయాను. పిక్నిక్ మాటలే కదా అనుకున్నాను.

“ఆపు,” అన్నారాయన ఉమతో. “మళ్ళ వెయ్. బిడ్డా, నేను ఆడ ఏమన్ననో చెప్పు.”

“అంకుల్, అది అవసరం లేదు.”

“అదే అవసరం.”

మళ్ళీ వేశారు. గోడ మీది యాదయ్య నవ్వుతూ అంటున్నాడు: ‘మస్తు గట్టిగున్నదిరా. ఎవరో పాతినట్టే ఉన్నది.’

గదిలో సగం మందికి అది అర్థమైంది. మిగతా సగం నా వైపు చూస్తోంది. చెప్పకపోయినా అడిగేవారు లేరు. చెబితే, తెలియక చేశాననే ఒక్క ఆసరా కూడా ఆయనకి పోతుంది. శేషగిరిగారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. యాదయ్యగారు ఎవరినీ చూడలేదు, గోడనే చూస్తున్నారు.

చెప్పాను.

“చేతికి తెలిసింది,” అన్నారాయన. నేను వెంట చెబుతూ పోయాను. “ఊకెనే పడ్డ రాయి ఒక తీరుగ వస్తది, పాతిన రాయి ఒక తీరుగ వస్తది. చేతికి తెలిసింది, నోటికొచ్చింది. మరి ఎవరు పాతిన్రని అడగాలె గద. అడగలే. నవ్విన. గందుకని ఈడ ఏం లేదంటే నేను ఒప్పుకోను. ఉన్నది. పాతినోడున్నడు. తల్లికి పాతిండు.”

టైం అయిపోయినట్టు గంట మోగింది. తర్జుమాకే సగం పోయింది. కూర్చోమని అధ్యక్షుడు సైగ చేశాడు. యాదయ్యగారు కూర్చోలేదు. కుడిచెయ్యి ఎత్తి, తనకొచ్చిన ఇంగ్లీషులో, “ఐ పుల్. దిస్ హ్యాండ్. ఐ పుట్ బ్యాక్. యూ, నో క్రికెట్ దేర్,” అన్నారు. తర్వాత తెలుగులో శేషగిరిగారితో, “ఆడుకునేటందుకు జాగ నేను జూపిస్త సారు, పార్కింగ్ లాట్ సగం కాళీనే ఉంటది,” అన్నారు. రెండు గ్రూపుల వాళ్ళూ నవ్వేశారు. శేషగిరిగారు కూడా నవ్వు ఆపుకోవడానికి దగ్గారు.

మిసెస్ గాస్కిన్స్ లేచి నిలబడింది. “ఏ రాయి ఎక్కడిదో ఆయన చూపిస్తారా?” అని నన్ను అడిగింది.

“చూపిస్త,” అన్నారాయన, నేను తెలుగులో చెప్పకముందే.

తీర్మానం వాయిదా పడింది. బయట చలిలో కారు దగ్గర నిలబడ్డప్పుడు ఆయన అడిగారు, “పిల్లనెందుకు తేలే?”

“భయమేసింది అంకుల్. సమాధులు, బానిసలు, నేరం... దానికి ఇవన్నీ ఎందుకని.”

అప్పుడు చెప్పారు. వాళ్ళ నాయన దొర గడీకి వెట్టి చేసేవాడట. దొర బండి ముందు పరుగెత్తడం, గడీకి కట్టెలు మోయడం. కూలి లేదు. “వెట్టి బందైందని చట్టమొచ్చింది. కాయితం మీద బందైంది. మా వాడకు మనిషొచ్చి పిలిస్తే పోవుడే. ఒకనాడు మా నాయిన, నేను రానని చెప్త అన్నడు. మా అవ్వ ఏడ్చింది. ఒక్కడే పోలే ఆయన, నన్ను ఎంటబెట్టుకొని పోయిండు. గింతంత ఉన్న నేను. గడీ మెట్ల కాడ నిలబడి, రేపటి సంది రాను దొరా, అన్నడు. నా చెయ్యి ఆయన చేతుల ఉండె. చెమట కారుతున్నది. వణుకుతున్నది. మాట మాత్రం వణకలే. మనిషి భయపడుకుంటనే చెప్పొచ్చని నాకు ఆ దినం తెలిసింది. ఎవరో చెప్తే తెల్వలే. ఆ చెయ్యి పట్టుకుంటే తెలిసింది.”

దొర ఏం చేశాడని అడిగాను. “కొట్టిచ్చిండు,” అన్నారు మామూలుగా. “అయినా మల్ల పోలే.”

కౌంటీ నుంచి ఒక ఆఫీసర్ వచ్చి ఉమ ఇంట్లో కూర్చొని ఆయన్ని చాలాసేపు ప్రశ్నలడిగింది. నేను పక్కనే ఉండి చెప్పాను. అడిగిన ప్రతిదానికీ ఆయన జవాబు ఒక్కటే తీరు: నేనే. ఆమె రాసుకొని వెళ్ళిపోయింది. ఇప్పటివరకు దాని మీద ఏమీ రాలేదు. ఉమ మాత్రం పోస్ట్ బాక్స్ తెరిచే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఒరిజినల్ గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఆమెతో మాట్లాడరు. క్రికెట్ నెట్లు పార్కింగ్ లాట్ చివర కట్టారు, శేషగిరిగారే దగ్గరుండి కట్టించారు.

మార్చిలో పురావస్తు నిపుణులు ఆ నేలని పరీక్షించి, సమాధులే అని తేల్చారు. నీలం పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. పాతిన చోట్లలో ఆ తీగ నాటడం పాతకాలపు అలవాటని వాళ్ళే చెప్పారు. రాళ్ళు తిరిగి పాతేటప్పుడు యాదయ్యగారిని గడ్డపార ముట్టనివ్వలేదు. తొడుగులేసుకొని, వాళ్ళు చెప్పినట్టు మట్టి నింపడం మాత్రమే ఆయన పని. పగిలిన రాయిని రెండు ముక్కలూ కలిపి నిలబెట్టారు. మసి కడుగుతానని ఆయనంటే మిసెస్ గాస్కిన్స్ ఒప్పుకోలేదు. “కడిగితే ఇంకా పగులుతుంది. ఉండనివ్వండి,” అంది.

ఆ రోజు నేను అదితిని తీసుకెళ్ళాను. ఈ రాళ్ళ కింద ఎవరున్నారని అడిగింది. చెప్పాను. మనుషుల్ని ఎలా కొంటారని అడిగింది. చెప్పాను. నా చెయ్యి తడిగా ఉందని చెప్పి, తన గౌనుకి తుడిచి మళ్ళీ పట్టుకుంది.

ఏప్రిల్లో ఆయన వెళ్ళిపోయారు. అదితి ఆయనకి ఒక ఎండుటాకు ఇచ్చింది, విమానంలో చెకింగ్ వస్తుందని. మా వీధి పేరులోని షార్లట్ బానిసల్ని కొన్న ఆ హాలోవెల్ ఇంటి ఆడపడుచట. ఆ పేరు మార్చాలని మిసెస్ గాస్కిన్స్ అర్జీ పెట్టింది. వచ్చే గురువారం దాని మీద కౌంటీ విచారణ ఉంది, నేను మాట్లాడాలి. మాకు గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. చంద్రిక ఫోన్ చేసి పాపను చూసుకుంటానంది. వద్దన్నాను. చలిలో కారు దగ్గర ఆ సాయంత్రం యాదయ్యగారు చివరికి అన్న మాట ఇది:

“భయమైన కాడికే పిల్లను తీస్కపో బిడ్డా. చెయ్యి మాత్రం ఇడవకు.”